పాత డీజిల్ లారీలో కరెంటు ఉన్నట్టుండి పోయి మళ్ళీ వస్తుంటే ఎక్కడ వెతకాలి, ఎలా పట్టుకోవాలి

బండి గుంతలో దిగింది, డ్యాష్ బోర్డు మొత్తం ఒక్కసారి ఆరిపోయింది, ఏమైందా అని మీరు అనుకునేలోపే మళ్ళీ వెలిగింది. లేదా పొద్దున్నుంచి బాగానే నడిచిన బండిని కాసేపు ఆపి మళ్ళీ కీ తిప్పితే టిక్ అని కూడా అనదు, పది నిమిషాలు ఆగి తిప్పితే అసలేమీ జరగనట్టు స్టార్ట్ అయిపోద్ది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం అక్కడ పెళ్ళిచూపుల్లో పిల్లలా బుద్ధిగా ఉంటది. ఇది పూర్తిగా చచ్చిపోయిన బండి కంటే పెద్ద తలనొప్పి, ఎందుకంటే పూర్తిగా పోయినదాన్ని వెతకడం ఈజీ, వస్తూ పోతూ ఉండేదాన్ని అది పోయిన క్షణంలోనే పట్టుకోవాలి.

కాబట్టి ముందే ఒక మాట. కరెంటు పోగానే చెయ్యి దానంతట అదే బ్యాటరీ దగ్గరికి పోయి టెర్మినల్ పట్టుకుని ఊపుద్ది, అది చెయ్యకండి. ఊపారు, కరెంటు వచ్చేసింది, సంతోషం, కానీ ఏది ఊపితే వచ్చిందో తెలీదు, ఇంకో రెండు వారాలు అది మళ్ళీ దొరకదు. ముందు కొలవండి, తర్వాత ముట్టుకోండి. శుభ్రం చెయ్యడం, బిగించడం కూడా కొలిచాకే.

ముందు జాగ్రత్తలు, రెండు నిమిషాల పని

చక్రాలకి దిమ్మలు పెట్టండి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి, హ్యాండ్ బ్రేక్ వెయ్యండి. చేతి ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి, లారీ బ్యాటరీకి ఉంగరం అడ్డంపడితే అది ఎర్రగా కాలుద్ది, వేలు కూడా మిగలదు. బ్యాటరీ దగ్గర బీడీ సిగరెట్ వద్దు, ఛార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తది. టెర్మినల్స్ విప్పాల్సి వస్తే నెగటివ్ ముందు విప్పాలి, పెట్టేటప్పుడు నెగటివ్ ఆఖర్న పెట్టాలి. ఎందుకంటే పాజిటివ్ విప్పేటప్పుడు పానా ఛాసీకి తగిలినా, నెగటివ్ అప్పటికే తీసేసి ఉంటే ఏమీ కాదు.

ఇంకోటి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీసి "ఆల్టర్నేటర్ పనిచేస్తుందో లేదో" చూసే పాత అలవాటు ఉంది చూడండి, అది మానెయ్యండి. బ్యాటరీ తప్పుకోగానే వోల్టేజ్ ఒక్కసారి ఎగిరి, ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పోతాయి. బ్యాటరీని బండి నుంచి మొత్తం విడదీసే కటాఫ్ స్విచ్చి కూడా అంతే, ఇంజిన్ ఆగాకే తిప్పాలి.

పానా పట్టేముందు కాగితం పట్టండి

నిజంగా సగం పని ఇక్కడే అయిపోద్ది. కరెంటు పోయిన ప్రతిసారీ ఏమేం పోయాయి, ఏమేం ఉన్నాయి, బండి ఆ టైంలో ఏం చేస్తుంది, వేడిగా ఉందా చల్లగా ఉందా, వాన పడిందా, ఇవి రాసుకోండి. నాలుగైదు సార్లు రాస్తే చాలు, ఒక తీరు కనపడుద్ది.

గుంతలో పడ్డప్పుడో, క్యాబిన్ ఊగినప్పుడో పోతే అది లూజ్ కాంటాక్ట్, ఎక్కడో నట్టు వదులైంది లేదా వైరు లోపల తెగి తొడుగు మాత్రం నిలబడి ఉంది. బండి వేడెక్కాక పోయి చల్లారాక వస్తే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి), కీ స్విచ్చి, లేదా కాలి ఉన్న జాయింట్. సరిగ్గా గడియారం పెట్టినట్టు కొన్ని సెకన్లు వెలిగి కొన్ని సెకన్లు ఆరి మళ్ళీ వెలుగుతుంటే అది అసలు లూజ్ కాంటాక్టే కాదు, అది ఆటోమేటిక్ సర్క్యూట్ బ్రేకర్. ఎక్కువ కరెంటు లాగుతుంటే లోపలి లోహపు రేకు వేడెక్కి విడిపోద్ది, చల్లారి మళ్ళీ అతుక్కుంటది. అక్కడ మీరు వెతకాల్సింది తెగిన వైరుని కాదు, ఎక్కడో ఛాసీకి రాసుకుని షార్ట్ అవుతున్న వైరుని. ఈ రెండిటికీ వెతికే దారి పూర్తిగా వేరు, చాలామంది ఇక్కడే పొరపాటు పడి రోజంతా పోగొట్టుకుంటారు.

సెల్ఫ్ కొట్టగానే ఒక్క టక్కు మని శబ్దం వచ్చి డ్యాష్ లైట్లు కూడా మొత్తం ఆరిపోతే, కాసేపటికి వాటంతట అవే వస్తే, తొంభై పాళ్ళు అది బ్యాటరీ టెర్మినలో, ఎర్త్ కేబులో (బ్యాటరీ నెగటివ్ నుంచి ఛాసీకి, ఇంజిన్‌కి పోయేది), కటాఫో. సన్నగా అంటుకున్న చోటు చిన్న లైట్లకి సరిపోద్ది, సెల్ఫ్ మోటర్ లాగే కరెంటుకి నిలబడదు, ఆ దెబ్బకి విడిపోద్ది.

ఇంజిన్ సంగతి కూడా గమనించండి. పాత డీజిల్‌కి స్పార్క్ అక్కర్లేదు, మెకానికల్ పంపు అయితే నడవడానికి కరెంటే అక్కర్లేదు, ఒక్క స్టాప్ సోలనాయిడ్‌కి తప్ప. కరెంటు ఉన్నంతసేపే డీజిల్ వదిలే సోలనాయిడ్ మీ బండికి ఉంటే, కరెంటు పోగానే ఇంజిన్ ఆగిపోద్ది. చేత్తో లాగే స్టాప్ కేబుల్ ఉంటే అన్నీ ఆరినా ఇంజిన్ నడుస్తూనే ఉంటది. అదే లైట్లు, హారన్ అన్నీ ఉండి ఇంజిన్ ఒక్కటే ఆగుతుంటే మెయిన్ కేబుల్స్ జోలికి పోవద్దు, కీ స్విచ్చి నుంచి సోలనాయిడ్ దాకా ఉన్న ఆ ఒక్క వైరు, దాని ఫ్యూజు, దాని కనెక్టరు చూస్తే చాలు.

నడిచేటప్పుడు లైట్లు ఆరకుండా ఉల్టా భగ్గుమని ఎక్కువ వెలిగి, బల్బులు తరచూ మాడిపోతుంటే? బ్యాటరీ కనెక్షన్ వదిలేసి ఆల్టర్నేటర్ ఒక్కటే బండిని మోస్తుండొచ్చు, లేదా ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయి ఉండొచ్చు. దీన్ని నాన్చకండి. ఇక చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడానికి వేడిచేసే గ్లో ప్లగ్గులో ఇంటేక్ హీటరో ఆన్ అయినప్పుడు లైట్లు కాస్త డిమ్ అయి లేవడం మాత్రం లోపం కాదు, అవి లాగే కరెంటు అంత ఉంటది.

బ్యాటరీని బ్యాటరీగా చూడండి

బండి ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటర్ పెట్టండి. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 పైన చూపించాలి, 12.2 చూపిస్తే దాదాపు సగం ఖాళీ. 24 వోల్టుల బండిలో రెండు బ్యాటరీలు వరసగా ఉంటాయి కాబట్టి రెండూ కలిపి కాదు, దేనికది విడిగా కొలవండి. కలిపి 25 చూపిస్తే బాగానే ఉందనుకుంటాం, విడిగా చూస్తే ఒకటి 12.8, ఇంకోటి 12.2. రేడియో కోసమో ఫోన్ ఛార్జర్ కోసమో ఎవరో ఒక్క బ్యాటరీ మీంచే 12 వోల్టులు లాగి ఉంటారు, ఆ ఒక్కటే ఎప్పుడూ నీరసంగా ఉంటది. 12 వోల్టుల బండికే రెండు బ్యాటరీలు పక్కపక్కన కలిపి ఉంటే, కొలిచేముందు రెండిటి మధ్య కేబుల్ విప్పాలి, లేకపోతే మంచిది చెడ్డదాన్ని కప్పేస్తది.

తర్వాత హెడ్‌లైట్లు వేసి రెండు నిమిషాలు ఉంచి చూడండి, సెల్ఫ్ కొట్టిస్తూ చూడండి. 12 వోల్టుల బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందకి దిగకూడదు. ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించి, లోడ్ పడగానే సున్నా దగ్గరికి పడిపోయి, లోడ్ తీయగానే మళ్ళీ 12.6కి వస్తే బ్యాటరీ లోపల సెల్లుకి సెల్లుకి మధ్య అతుకు విరిగింది. దాన్ని ఎంత ఛార్జ్ చేసినా బాగవదు, బండి ఊగినప్పుడల్లా ఆడుకుంటది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య, 24 అయితే 27.6 నుంచి 28.8 మధ్య ఉండాలి. లేకపోతే ముందు బెల్టు జారుతోందేమో చూసి, తర్వాత ఆల్టర్నేటర్ వెనక లావు వైరు నట్టు చూడండి.

మీటర్ ఎలా మోసం చేస్తుందంటే

ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే. మీటర్ దాదాపు కరెంటే లాగదు. కాబట్టి లావు కేబుల్లో పోగులన్నీ తెగి ఒకే ఒక్క పోగు మిగిలినా అది 12.6 అనే చూపిస్తది. ఓమ్స్‌లో పెట్టి చూసినా "బాగుంది" అనే అంటది, ఎందుకంటే ఇక్కడ కొంప ముంచే నిరోధం మామూలు మీటర్‌కి అందనంత చిన్నది. సెల్ఫ్ 500 ఆంపియర్లు లాగుతోంది అనుకోండి, ఓమ్‌లో వెయ్యో వంతు నిరోధానికే అర వోల్టు పోద్ది, వందో వంతుకి 5 వోల్టులు పోతాయి. 12లో 5 పోతే ఇంకేం తిరుగుద్ది.

అందుకే వోల్టేజ్ డ్రాప్, అంటే దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడాలి, అది కూడా లోడ్ మీద, అంటే కరెంటు లాగుతుండగానే. మీటర్ డీసీ వోల్ట్స్‌లో పెట్టి ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ సీసం పోస్టు మీద పెట్టండి, దాన్ని పట్టుకున్న కేబుల్ క్లాంపు మీద కాదు, పోస్టు మీదే. నల్ల ప్రోబ్ సెల్ఫ్ మోటర్ మెయిన్ బోల్టు మీద. ఇంజిన్ స్టార్ట్ కాకుండా స్టాప్ కేబుల్ లాగి పట్టుకోమనండి లేదా సోలనాయిడ్ వైరు తీసెయ్యండి, ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమనండి, పది సెకన్లకి మించొద్దు. 12 వోల్టుల బండిలో ఆ టైంలో మీటర్ అర వోల్టు లోపు చూపించాలి. అంతకంటే ఎక్కువ ఉంటే ఆ దారిలోనే ఎక్కడో తినేస్తోంది, అప్పుడు దారిని ముక్కలు చెయ్యండి: పోస్టు నుంచి క్లాంపుకి, క్లాంపు నుంచి కేబుల్ అవతలి చివరకి, కటాఫ్ ఈ బోల్టు నుంచి ఆ బోల్టుకి. ఎక్కడ అంకె ఎగిరిందో అదే చోటు. ఊహించాల్సిన పనే లేదు.

ఇప్పుడు ఎర్త్ వైపు. ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఇంకోటి ఇంజిన్ బ్లాక్ మీద పెయింట్ లేని చోట, మళ్ళీ సెల్ఫ్. 0.2, మహా అయితే 0.3. ఆ తర్వాత హెడ్‌లైట్లు, వైపర్, బ్లోయర్ అన్నీ వేసి నెగటివ్ పోస్టు నుంచి క్యాబిన్ బాడీకి చూడండి, 0.1 దగ్గర్లో ఉండాలి. పాత బండ్లలో ఇక్కడే ఎక్కువ దొరుకుతాయి, ఎందుకంటే పాజిటివ్ కేబుల్‌ని అందరూ చూస్తారు, ఎర్త్ పట్టీని ఎవరూ చూడరు. ఇంజిన్‌కి ఛాసీకి మధ్య ఒకటి, ఛాసీకి క్యాబిన్‌కి మధ్య ఒకటి ఉంటాయి. ఎప్పుడో ఇంజిన్ దించి ఎక్కించినప్పుడు పట్టీ మళ్ళీ బిగించి ఉండరు, లేదా కొత్త పెయింట్ మీదే బిగించి ఉంటారు. ఆ పట్టీ లేకపోతే కరెంటు వేరే దారి చూసుకుంటది, ఎక్సలేటర్ కేబుల్ మీంచో క్లచ్ కేబుల్ మీంచో పోద్ది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ వేడిగా ఉంటే ఇంకేం చూడక్కర్లేదు, ఎర్త్ పోయింది.

అనుమానం ఉంటే ఒక జంపర్ కేబుల్ తీసుకుని బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజిన్‌కి వేసి చూడండి. లోపం మాయమైతే దొరికినట్టే.

క్యాబిన్లో కాపలా లైట్లు

కొలిచేటప్పుడు అన్నీ బాగుండి, రోడ్డు మీద మాత్రం పోతుంటే ఇదే దారి, నాకు దీనికి మించింది తెలీదు. నాలుగు చిన్న బల్బులు, మీ బండి వోల్టేజ్‌వి, 5 వాట్లవి చాలు, మామూలు ఫిలమెంట్ బల్బులే, ఎల్‌ఈడీ వద్దు, ఎందుకంటే ఎల్‌ఈడీ అతి సన్నటి కాంటాక్ట్ మీద కూడా వెలిగి మళ్ళీ మోసం చేస్తది. ప్రతి వైరుకి మొదట్లోనే 2 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి, మర్చిపోవద్దు, మనం వెతకడానికి వేసిన వైరే బండిని తగలబెట్టకూడదు.

మొదటి బల్బు సెల్ఫ్ మెయిన్ బోల్టు నుంచి. రెండోది కీ స్విచ్చికి కరెంటు తెచ్చే వైరు నుంచి. మూడోది కీ స్విచ్చి నుంచి బయటికెళ్ళే వైరు నుంచి. ఈ మూడిటి నెగటివ్ క్యాబిన్‌కి కాదు, నేరుగా బ్యాటరీ నెగటివ్ పోస్టుకి. నాలుగోది ఉల్టా: బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి వచ్చి క్యాబిన్ బాడీకి. నాలుగూ కళ్ళ ముందు వరసగా టేప్ వేసి అంటించి బండి నడపండి.

పోయిన క్షణంలో ఏది ఆరిందో చూస్తే చాలు. నాలుగోది ఒక్కటే ఆరితే క్యాబిన్ ఎర్త్. మూడోది ఒక్కటే ఆరితే కీ స్విచ్చి. రెండూ మూడూ ఆరి మొదటిది ఉంటే సెల్ఫ్ బోల్టుకీ కీ స్విచ్చికీ మధ్య, అంటే ఫ్యూజిబుల్ లింకు (ఎక్కువ కరెంటుకి కరిగిపోయే వైరు ముక్క), అమీటర్ (కరెంటు ఎంత పోతుందో చూపించే డ్యాష్ మీటర్), లేదా క్యాబిన్ గోడలో పెద్ద కనెక్టర్. ఒకటి రెండు మూడు అన్నీ ఆరి నాలుగోది ఉంటే బ్యాటరీ పాజిటివ్ నుంచి సెల్ఫ్ దాకా, కటాఫ్‌తో సహా. అయితే ఇంజిన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ ఆ బోల్టుకి కరెంటు ఇస్తూనే ఉంటది కాబట్టి మొదటిది ఆరకుండా వెలుగు పెరిగి మినుకుమనొచ్చు, అది కూడా బ్యాటరీ వదిలిందనే సాక్ష్యం. నాలుగూ వెలుగుతూనే ఉండి డ్యాష్ మాత్రం ఆరితే లోపం ఫ్యూజ్ బాక్స్ దాటాక ఉంది. రాత్రి బండి పెట్టేటప్పుడు ఈ బల్బుల ఫ్యూజులు పీకెయ్యండి, లేకపోతే పొద్దున బ్యాటరీ ఉండదు.

నడిపేవాళ్ళు బల్బులు చూడటం ప్రమాదం, పక్కన ఇంకో మనిషిని కూర్చోపెట్టుకోండి.

చోటు తెలిసింది, ఇప్పుడు చెయ్యి పెట్టండి

ఫ్యూజిబుల్ లింకు సెల్ఫ్ దగ్గరో బ్యాటరీ దగ్గరో ఉండే చిన్న వైరు ముక్క. పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగి కరిగి ఉంటది. రెండు చివర్లు పట్టుకుని మెల్లగా లాగండి, రబ్బరులా సాగితే లోపల ఏమీ లేదు.

అమీటర్ గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే నేను బోల్తా పడింది ఇక్కడే. వోల్ట్ మీటర్ కాకుండా ప్లస్ మైనస్ మధ్య ముల్లు ఊగే అమీటర్ ఉన్న పాత బండ్లలో, సెల్ఫ్ తప్ప బండి కరెంటు అంతా డ్యాష్ వెనక ఆ రెండు నట్ల మీంచే పోద్ది. నా బండికి ముందు బ్యాటరీలు మార్చాను, తర్వాత ఆల్టర్నేటర్, తర్వాత కీ స్విచ్చి, ఒక్కోటి మార్చాక నాలుగు రోజులు బాగుండేది (ప్రతిసారీ ఏదో ఒకటి కదిలించాం కదా, అందుకు), మళ్ళీ మొదలు. ఆఖరికి డ్యాష్ విప్పితే అమీటర్ వెనక నట్టు వేలితోనే తిరిగింది, కింద ప్లాస్టిక్ గోధుమ రంగులోకి కాలిపోయి ఉంది. ఒక వాషర్, ఒక నట్టు. ఇప్పటికీ తల్చుకుంటే కోపం వస్తది, బండి మీద కాదు, నా మీదే. బ్యాటరీ నెగటివ్ తీశాకే అక్కడ చెయ్యి పెట్టండి, అక్కడ ఎప్పుడూ కరెంటు ఉంటది.

కీ స్విచ్చి అయితే కీ ఆన్‌లో ఉంచి కాస్త అటూ ఇటూ ఆడించండి, లైట్లు మినుకుమంటే అదే. కీ గుత్తి బరువుగా ఉంటే ముందు ఆ బరువు తగ్గించండి. వెనక కనెక్టర్ పీకి పిన్నుల రంగు చూడండి, నల్లబడ్డదీ ప్లాస్టిక్ కరిగినదీ కొత్త స్విచ్చితో బాగవదు, కనెక్టర్ కూడా మార్చాలి.

క్యాబిన్ ముందుకి వంచే బండ్లలో వైరింగ్ కట్ట మడత పడే చోటు చూడండి. వంచిన ప్రతిసారీ అక్కడే మడత పడి లోపల రాగి తెగుద్ది, తొడుగు చెక్కుచెదరదు. ఒక్కో వైరునీ అంగుళం అంగుళం వంచుతూ పోండి, తెగిన చోట మెత్తగా వేలాడుద్ది. బిగుసుకుని కరకరమంటే లోపల పచ్చ చిలుము పట్టింది.

రిలే అనుమానమైతే పక్కనున్న అదే రకం రిలేతో మార్చి చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా కొట్టి చూడటం కూడా పనిచేస్తది, సుత్తి అవసరం లేదు.

బాగుచెయ్యడం

టెర్మినల్స్‌కి వంటసోడా నీళ్ళు పోసి, వైరు బ్రష్‌తో పోస్టూ క్లాంపూ రెండూ మెరిసేదాకా తోమండి, సోడా సెల్లుల్లోకి పోకుండా మూతలు బిగించి ఉంచండి. గ్రీజు బిగించాక పైన రాయాలి, మధ్యలో కాదు. క్లాంపు పూర్తిగా బిగించినా పోస్టు మీద తిరుగుతుంటే రేకు ముక్క దూర్చకండి, క్లాంపు మార్చండి. నెగటివ్ పోస్టు పాజిటివ్ కంటే కాస్త సన్నం, ఎవరో పాజిటివ్ క్లాంపే నెగటివ్‌కి వేసి ఉంటే అది ఎంత బిగించినా వదులుగానే ఉంటది.

ఎర్త్ బోల్టు దగ్గర పెయింట్, తుప్పు గీకి తెల్లటి ఇనుము కనపడాలి, పళ్ళ వాషర్ వెయ్యండి. కేబుల్ చివర లగ్గు (బోల్టుకి బిగించే రింగు) దగ్గర తొడుగు ఉబ్బి ఉంటే కోసి చూడండి, రాగి నల్లబడితే మెరిసే రాగి వచ్చేదాకా కొయ్యాలి, పొడవు చాలకపోతే కేబులే మార్చాలి. లావు కేబుల్‌కి లగ్గుని సుత్తితో కొట్టి నొక్కడం కాదు, క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి. వైర్లు మెలేసి టేప్ చుట్టిన జాయింట్లు ఎక్కడ కనిపించినా తీసెయ్యండి, ఇవాళ్టి లోపం అది కాకపోయినా వచ్చే ఏడాదిది అదే. ఫ్యూజు పోతోందని పెద్ద ఫ్యూజు వేస్తే ఆ తర్వాత కాలేది వైరు.

అయ్యాక మొదట చూసిన డ్రాప్ కొలతలన్నీ మళ్ళీ అదే లోడ్ మీద చూసి, పాత అంకెల పక్కనే రాసుకోండి. కాపలా బల్బులు వెంటనే పీకెయ్యకండి, ఇంకో రెండు వారాలు అలాగే ఉంచి, ముందు ఏ గుంతలో ఆరిందో అదే గుంతలో దింపి చూడండి.